ఊఁ అంటేనే వెలుగు

రొట్టెలక్కకు అసలు పేరొకటి ఉంది కానీ, బేకరీ హాజరు పుస్తకంలో తప్ప అది ఎక్కడా వాడుకలో లేదు. చుట్టుపక్కల నాలుగు వీధులకూ ఆమె రొట్టెలక్కే. ఆమెకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా అలాగే పిలుస్తారు, నాలాగే. పంతొమ్మిదేళ్లుగా ఒకే బేకరీలో పిండి కలిపే పని ఆమెది. మెషిను తిప్పిన ముద్దను బల్ల మీదకు తీసి, అరచేత్తో ఒక్కసారి నొక్కి, "దీనికింకా పావుగంట కావాలి" అంటుంది. పావుగంట అంటే పావుగంటే. గోడ వైపు చూడదు. ఆమె భర్త గడియారాలు బాగుచేసే మనిషి. "మా ఆవిడ దగ్గర నా విద్య పనికిరాదండీ, ఆవిడ చేతిలోనే ముల్లు తిరుగుతుంటుంది" అని దుకాణానికి వచ్చినవాళ్లతో అంటుంటాడు.

ఆమె పిరికి మనిషి కాదు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే నేను చెప్పబోయేదంతా భయం గురించే. ఒకసారి తాగొచ్చి కౌంటరు దగ్గర గొడవ చేస్తున్నవాణ్ణి పిండి చేతులతోనే కాలరు పట్టుకుని బయటకు నడిపించింది. వాడి చొక్కా మీద తెల్లటి అయిదు వేళ్ల అచ్చు చూసి వీధంతా నవ్వింది.

మూడేళ్ల కిందట ఒక ఉదయం పొయ్యి మేస్త్రికి జ్వరం వచ్చింది. పొయ్యి వెలిగించే పని రొట్టెలక్క మీద పడింది. ముందురోజు గ్యాసు మర గట్టిగా బిగించలేదు ఎవరో. రాత్రంతా కారిన గ్యాసు పొయ్యి కడుపులో నిండి ఉంది. ఆమెకు జలుబు, వాసన తెలియలేదు. తలుపు తీసి, వంగి, లైటరు నొక్కింది.

చప్పుడు పెద్దగా రాలేదు. ఎవరో మందపాటి దుప్పటిని ఒక్కసారి దులిపినట్టు, అంతే. వెలుగు ఎలా ఉందో మాత్రం ఆమె ఇప్పటికీ చెప్పలేకపోతుంది. చెప్పబోయి, చేత్తో ముఖం ముందు ఏదో తుడిచినట్టు చేసి ఆపేస్తుంది. కళ్లు తమంతట తామే మూసుకున్నాయి కనక చూపు దక్కింది. ఎడమ చెంప, చెవి కింద, దవడ, మెడ కాలిపోయాయి. అయిదు వారాలు ఆసుపత్రిలో ఉంది.

పుండు మానింది. మచ్చ మిగిలింది. చెవి కింద మొదలై దవడ మీదుగా మెడలోకి దిగిన మచ్చ. ఎర్రగా, ఉబ్బెత్తుగా, తాడు పేనినట్టు గట్టిగా ఉండేది. తల ఎడమవైపు తిప్పితే మెడ లాగేది. చెమట పట్టిందంటే దురద. బేకరీలో చెమట పట్టని క్షణం ఏముంటుంది?

ఆమె పనిలోకి తిరిగి వచ్చింది. కానీ మేస్త్రి పొయ్యి వెలిగించే వేళకు ఏదో పని ఉన్నట్టు పెరట్లోకి వెళ్లి కుళాయి పక్కన నిలబడేది. ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఇంట్లో ట్యూబులైటు రెండుసార్లు మిణికి వెలిగితే చేతిలోని గ్లాసు జారిపోయేది. భర్త ఆ లైటు పీకేసి, టక్కున వెలిగే బల్బు పెట్టాడు. "ఇది దగాకోరు లైటు కాదు, చెప్పి వెలుగుతుంది" అన్నాడు. ఆమె నవ్వింది కానీ స్విచ్చి మాత్రం అతన్నే వేయమంది.

ఏడాదిన్నర అలాగే గడిచింది. ఒకరోజు బేకరీ యజమాని ఆమె బల్ల దగ్గరకు వచ్చి, నిలబడి, బల్ల అంచున పిండి గీకడం మొదలుపెట్టాడు. అది ఆయన పని కాదు. ఏదో చెప్పలేని మాట ఉందని ఆమెకు అర్థమైంది.

"చెప్పండి బాబుగారూ."

"ఏం లేదు రొట్టెలక్కా. ఒకావిడ బ్రెడ్డు తిరిగి ఇచ్చేసి వెళ్లింది."

"పుల్లగా ఉందా?"

"లేదు లేదు. కౌంటరు వెనక అద్దంలోంచి నిన్ను చూసిందట. అదేదో చర్మరోగం అనుకుంది. కాదమ్మా, కాలిన మచ్చ అని చెప్పాను. విననే లేదు." ఆయన ఇంకాస్త పిండి గీకాడు. "నీ బల్ల కాస్త లోపలికి జరుపుకుందామా? ఒక కర్టెను కడదాం. నీకూ గాలి దుమ్ము రాకుండా ఉంటుంది."

"సరేనండీ" అంది ఆమె. సాయంత్రానికి కర్టెను కట్టారు. దాని వెనక ఆమె పని ఎప్పటిలాగే చేసింది. ఇంటికి వెళ్లాక మాత్రం అన్నం కంచం ముందు చాలాసేపు కూర్చుంది.

ఆమెకు ఒక చెల్లెలు. ఎనిమిదేళ్లు చిన్నది. తల్లి ఎప్పుడూ మంచంలోనే ఉండే ఇంట్లో, చెల్లెలికి జడ వేసిందీ, స్కూలుకు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లిందీ అక్కే. ఆ చెల్లెలు ఇప్పుడు రెండు వీధుల అవతల ఆడవాళ్ల బ్యూటీ పార్లరు నడుపుతోంది. నోటి నిండా మాటలు, చేతి నిండా పని. కర్టెను సంగతి వినగానే చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా అక్క ఇంటికి వచ్చేసింది.

"కర్టెను కట్టాడా? కడితే వాడి ముఖానికి కట్టుకోమను! నువ్వు రేపు నా దగ్గరకు రా అక్కా. నా లైటు మెషిను ఉందిగా."

"అది కాళ్ల మీద వెంట్రుకలు తీయడానికి కదే తెచ్చావు?"

"మచ్చలక్కూడా పనిచేస్తుంది. వీడియోలు చూశాను. నాలుగుసార్లు కొడితే చాలు, ఎరుపంతా పోతుంది."

"కొట్టడమంటే?"

"వెలుగక్కా. మెరుపులాగా ఒక్కసారి."

మెరుపు అనగానే రొట్టెలక్క చెయ్యి మచ్చ మీదకు పోయింది. వద్దు అందామనుకుంది. కానీ చెల్లెలి కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. అక్కకు తాను ఏదైనా చేయగలిగే రోజు ఇన్నాళ్లకు వచ్చిందన్న సంబరమూ అందులోనే ఉంది. ఆ కళ్లు చూసి వద్దు అనలేకపోయింది.

మర్నాడు మధ్యాహ్నం పార్లరు తలుపు మీద 'మూసి ఉంది' అట్ట తిప్పి, చెల్లెలు ఆమెను కుర్చీలో వెనక్కి వాల్చింది. కళ్ల మీద తడి దూది పెట్టింది. మెడ మీద చల్లటి జెల్లు పూసింది. మెషిను బొయ్యిమని మోగుతోంది.

"కొంచెం చురుక్కుమంటుంది అక్కా, అంతే. కదలకు."

దూది లోంచి, మూసిన రెప్పల లోంచి, తెల్లటి వెలుగు లోపలికి వచ్చేసింది. దాంతోపాటు సెగ. రొట్టెలక్క కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. చురుక్కుమనడం కాదది, కాలడం. కానీ తన మీద తనకే నమ్మకం లేకపోయింది. 'ఇది ఇప్పటి మంట కాదు. ఆ రోజు మంటే గుర్తొస్తోంది. నాకు భయం, అందుకే ఇలా అనిపిస్తోంది' అనుకుంది. రెండో మెరుపు. మూడోది. ట్యూబులైటు మిణికితేనే గ్లాసు జారవిడిచే మనిషి, తన కేకను తాను ఎలా నమ్ముతుంది? పళ్లు బిగించి ఏడు మెరుపులు పడనిచ్చింది.

"చూశావా, ఎంత ఓపికగా ఉన్నావో" అంది చెల్లెలు, జెల్లు తుడుస్తూ. తుడుస్తూనే ఆమె చెయ్యి ఆగిపోయింది.

సాయంత్రానికి పొక్కులు లేచాయి. అగ్గిపెట్టెంత పొడవున, ఒకదాని పక్కన ఒకటి, ఎవరో కొలిచి గీసినట్టు ఏడు పట్టీలు. భర్త దుకాణం కట్టేసి వచ్చాడు. కంటికి పెట్టుకునే భూతద్దం జేబులోంచి తీసి, పెట్టుకుని, ఆమె మెడ దగ్గరకు వంగి చూశాడు. చూసి, అద్దం తీసి, మళ్లీ జేబులో వేసుకున్నాడు. జోకు వేయలేదు. ఆయన జోకు వేయకపోవడం చూసి రొట్టెలక్క లేచి చెప్పులు వేసుకుంది.

"ఆసుపత్రికి పద" అన్నాడు.

కాలినదానికి మందు రాసి, కట్టు కట్టి పంపించారు. పుండు మానడానికి మూడు వారాలు పట్టింది. మానినచోట కొన్ని పట్టీలు నల్లబడ్డాయి, రెండు తెల్లగా పాలిపోయాయి. మచ్చ మీద మచ్చ.

ఆ మూడు వారాలూ చెల్లెలు రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. రొట్టెలక్కకు నొప్పి కంటే అదే ఎక్కువ బాధగా ఉండేది. అయినా వెళ్లి పిలవలేకపోయింది. ఆ వీధి మలుపు తిరిగి పార్లరు బోర్డు కనబడగానే ఆగిపోయేది. సొంత చెల్లెలి గుమ్మం చూసి భయపడాల్సి వచ్చిందే అని వెనక్కి తిరిగి, ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చేసేది.

నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం చెల్లెలే వచ్చింది. లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి, చేతిలో మడిచిన కాగితం ముందుకు చాపింది.

"పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరమ్మ దగ్గర చూపించడానికి చీటీ రాయించాను. నేను చేసిందంతా ఆవిడకు చెప్పేశాను. ఏ మెషిను, ఎంతలో పెట్టాను, అన్నీ."

"ఏమంది?"

"తిట్టింది. అందరి ముందూ. తిట్టాల్సిందే." "అక్కా, నన్ను కొట్టు. ఏదైనా అను. ఊరికే అలా చూడకు."

"లోపలికి రావే. గుమ్మంలో నిలబడి ఏంటా మాటలు" అంది రొట్టెలక్క. చెల్లెలు లోపలికి వచ్చి, చిన్నప్పుడు జడ వేయించుకోవడానికి కూర్చున్నట్టు అక్క కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది.

డాక్టరమ్మ యాభై దాటిన మనిషి, పొట్టి జుట్టు, ముక్కుసూటి మాట. మచ్చను వేలితో నొక్కి చూసింది, తల అటూ ఇటూ తిప్పమంది. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి అడిగింది.

"కాలుతున్నప్పుడు ఆపమని ఎందుకు చెప్పలేదమ్మా?"

"అది నొప్పో భయమో నాకు తెలియలేదండీ."

డాక్టరమ్మ, "మా దగ్గర రెంటికీ ఆపుతాం" అంది.

తర్వాత అన్నీ విడమరిచి చెప్పింది. చెల్లెలి మెషిను వెలుగు చర్మంలో రంగు ఎక్కడ కనబడితే అక్కడ పట్టి కాలుస్తుంది. చామనచాయ చర్మంలో రంగు ఎక్కువ, అందుకే అంత పని జరిగింది. ఇక్కడ వాడేది వేరే రకం లేజరు. మచ్చలో దారితప్పి పెరిగిన ఎర్రటి రక్తనాళాల కోసం వెతుక్కుంటూ వెళుతుంది. ఆ నాళాలు ముడుచుకుంటే ఎరుపు తగ్గుతుంది, మచ్చ మెత్తబడుతుంది, దురద కూడా తగ్గొచ్చు.

"మచ్చ పోతుందా?"

"పోదు. పోతుందని ఎవరైనా చెప్తే లేచి వచ్చేయండి. నేను కూడా మెల్లగా, తక్కువలో మొదలుపెట్టాలి, మీ చర్మానికి మళ్లీ మచ్చ పడే ప్రమాదం ఉంది. ముందు ఈ కొత్తగా కాలినది పూర్తిగా కుదుటపడాలి. నాలుగు నెలలు ఎండ తగలనివ్వకండి, నేనిచ్చే జెల్లు రాయండి. ఆ తర్వాత చిన్న చోట పరీక్ష చేసి చూద్దాం. అప్పటికీ వద్దనిపిస్తే వద్దు."

నాలుగు నెలలు ఆమె మెడకు గుడ్డ చుట్టుకుని, గొడుగు వేసుకుని బేకరీకి వెళ్లింది. రోజులు గడిచేకొద్దీ తేదీ దగ్గరపడడమే ఆమెకు తెలిసేది. పిండి నొక్కి "ఇంకో పావుగంట" అన్నది రెండుసార్లు తప్పిపోయింది. ముద్ద పొంగిపోయి బల్ల మీదకు జారింది. పొయ్యి మేస్త్రి దాన్ని ఎత్తి మళ్లీ కలిపాడు.

ఆ రోజు వచ్చింది. చెల్లెలు, ఆమె కలిసి వెళ్లారు. రెండో అంతస్తులో నడవా చివర ఒక గది, తలుపు మీద ఎర్ర బల్బు. బల్బు వెలిగి ఉన్నంతసేపూ ఎవరూ లోపలికి వెళ్లకూడదు. బెంచీ మీద కూర్చుని ఆమె ఆ బల్బునే చూసింది. అది ఆరింది. తలుపు తెరుచుకుని ఎవరో ఒకాయన బయటకు వచ్చాడు, ఆయన వెనకే సన్నగా కాలిన వెంట్రుక వాసన.

"ఇప్పుడే వస్తానే, బాత్రూముకు" అంది చెల్లెలితో. మెట్లు దిగింది. గేటు దాటింది. ముందు వచ్చిన బస్సు ఎక్కేసింది. ఎక్కడికి వెళుతుందో చూడలేదు. కిటికీ పక్కన కూర్చుని, చేతులు ఒళ్లో బిగించుకుని, ఇళ్లు అయిపోయి, గోదాములు వచ్చి, అవీ అయిపోయేదాకా అలాగే కూర్చుంది. డ్రైవరు ఇంజను ఆపి వెనక్కి తిరిగాడు.

"ఇదే ఆఖరమ్మా. దిగాలి."

"మళ్లీ వెనక్కి వెళుతుందా ఇది?"

"అరగంట ఆగాలి."

"అయితే ఇక్కడే కూర్చుంటా" అంది.

ఫోను మోగింది. చెల్లెలు. "అక్కా, ఎక్కడున్నావు? ఆసుపత్రంతా వెతికాను. బాత్రూములన్నీ కొట్టాను, ఒకావిడ తిట్టింది కూడా."

"బస్సులో ఉన్నా."

"ఏ బస్సు?"

"తెలియదే" అని, అప్పుడు భోరున ఏడ్చింది. అవతల చెల్లెలు కూడా ఏడ్చింది. ఇంజను చల్లారుతూ టిక్కుటిక్కుమంటోంది. డ్రైవరు కిందకు దిగి బస్సుకు దూరంగా వెళ్లి నిలబడ్డాడు.

మరుసటి వారం మళ్లీ వెళ్లారు. కోప్పడుతుందేమో అనుకుంటే డాక్టరమ్మ, "మొత్తానికి బస్సు ఎక్కడిదాకా పోయింది?" అని అడిగింది. రొట్టెలక్క చెప్పింది. "ఓహో, నేనెప్పుడూ అంతదూరం వెళ్లలేదు" అంటూ చేతికి తొడుగులు వేసుకుంది.

ఆ గదికి కిటికీల్లేవు. అందరూ రంగు అద్దాల కళ్లజోళ్లు పెట్టుకున్నారు. గోడ పక్కన నిలబడ్డ చెల్లెలికీ ఒకటి ఇచ్చారు. రొట్టెలక్క కళ్లకు చిన్న నల్లటి గిన్నెల్లాంటివి బోర్లించి, పట్టీ బిగించారు. చిక్కటి చీకటి. ఆ చీకట్లో ఆమెకు తన ఊపిరే పెద్దగా వినిపించింది.

"ముందు చర్మం కాలకుండా చల్లటి తుంపర పడుతుంది. ఆ వెంటనే వెలుగు. రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టుంటుంది. సరేనా? మొదలుపెడుతున్నా."

'స్‌స్‌'మని చప్పుడైంది.

రొట్టెలక్క మంచం మీదనుంచి ఎలా దిగిందో ఎవరికీ తెలియదు. కళ్లకున్నవి పీకేసింది. పక్కనున్న ట్రే కిందపడి గదంతా మోగింది. డాక్టరమ్మ అప్పటికే వెలుగు వదిలే పెడలు మీదనుంచి కాలు తీసేసింది. రొట్టెలక్క గోడ మూలన ముడుచుకుని కూర్చుని, "గ్యాసు, గ్యాసు కారుతోంది, తలుపులు తీయండి" అని అరుస్తోంది.

చెల్లెలు పరిగెత్తుకెళ్లి పట్టుకుంది. "గ్యాసు కాదక్కా. మందు తుంపరే అది. గ్యాసు లేదిక్కడ."

చాలాసేపటికి ఆమె ఊపిరి కుదుటపడింది. అప్పుడు, నేల వైపు చూస్తూ, అప్పటిదాకా భర్తకు కూడా చెప్పని మాట చెప్పింది.

"ఆ రోజు ఈ చప్పుడే విన్నాను. పొయ్యి తలుపు తీయగానే లోపల్నుంచి వచ్చింది, స్‌స్‌ అని. విన్నాను. విని కూడా నొక్కాను. ఎవరో మర కట్టలేదని అందరూ వాళ్లను తిట్టారు. నేను విన్నానని ఎవరికీ చెప్పలేదు. నాదేనే తప్పు."

డాక్టరమ్మ స్టూలు జరుపుకుని వచ్చి, ఆమెకు ఎదురుగా కూర్చుంది.

"విన్నదానికీ నొక్కినదానికీ మధ్య ఎంతసేపు పట్టింది?"

"ఎంతసేపండీ... రెప్పపాటు."

"ఆ రెప్పపాటులో ఎవరి వేలూ ఆగదమ్మా. నాదైనా ఆగదు."

ఆవిడ లేచి, తుంపర గొట్టం తీసి, వెలుగు మాత్రం రాకుండా చేయించి, రొట్టెలక్క అరచేతిలో ఒకసారి కొట్టింది. 'స్‌స్‌'. మంచుముక్క తాకినట్టు చల్లగా. తర్వాత దాన్ని ఆమె చేతికే ఇచ్చింది. "మీరు కొట్టుకోండి. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు."

రొట్టెలక్క నేల మీద కూర్చునే తన అరచేతిలో తానే కొట్టుకుంది. ప్రతిసారీ ఉలిక్కిపడింది. పదిహేనో ఇరవయ్యోసారికి భుజాలు ఎగరడం కాస్త తగ్గింది. అరచెయ్యి మాత్రం తిమ్మిరెక్కింది.

"ఒక ఒప్పందం చేసుకుందాం" అంది డాక్టరమ్మ. "మీరు 'ఊఁ' అంటేనే నేను పెడలు నొక్కుతాను. అనకపోతే గంటసేపైనా ఇలాగే కూర్చుంటాను. ప్రతిసారీ 'ఊఁ' కావాలి నాకు."

ఆమె మళ్లీ ఎక్కి పడుకుంది. చెల్లెలు వచ్చి రెండు పాదాలూ పట్టుకుంది. చీకటి. గడియారం ఉంటే ఎంతసేపైందో తెలిసేది, లేదు. ఎంతసేపటికో, నీళ్ల అడుగునుంచి వచ్చినట్టు, "ఊఁ".

స్‌స్‌. వెలుగు. కాటు. అయిపోయింది.

రెప్పల మీద ఆ గిన్నెలున్నా అంచుల్లోంచి నారింజ రంగు మెరిసినట్టయింది. నొప్పి ఉంది. కానీ వచ్చి, కరిచి, వెళ్లిపోయే నొప్పి. పార్లరులోలాగా పాకలేదు. తేడా ఆమెకు తెలిసింది. ఆ రోజు పరీక్షకని ఆరుసార్లే కొట్టారు. ఆరుసార్లు "ఊఁ" అనడానికి నలభై నిమిషాలు పట్టింది. బయట బెంచీ మీద తమ వంతు కోసం కూర్చున్నవాళ్లు విసుక్కుంటూనే ఉన్నారు.

డాక్టరమ్మ ముందే చెప్పినట్టు ఆ చోట నేరేడుపండు రంగులో గుండ్రటి కమిలిన గుర్తులు పడ్డాయి. చెప్పి ఉన్నా సరే, ఇంటికి వచ్చి అద్దంలో చూసుకోగానే ఆమెకు ప్రాణం పోయినంత పనైంది. భర్త భూతద్దం పెట్టుకుని రోజుకు రెండుసార్లు చూసేవాడు. నాలుగోరోజున, "రంగు దిగుతోంది. రేపటికి పసుపులోకి తిరుగుతుంది, చూడు" అన్నాడు. తిరిగింది. పదో రోజుకు గుర్తులు పోయాయి, కొత్త మచ్చేమీ పడలేదు. అప్పుడు ఆయన మళ్లీ జోకులు మొదలుపెట్టాడు. "ఆరు చుక్కలకే నలభై నిమిషాలా? ఈ లెక్కన నేను ముసలాణ్ణైపోతాను ఆసుపత్రి గేటు దగ్గర."

భయం పోయిందనుకుంటారేమో. పోలేదు. ఆరు వారాలకొకసారి ఆ గదికి వెళ్లింది, మొత్తం ఆరుసార్లు. ప్రతిసారీ ముందురోజు నుంచీ అన్నం దిగేది కాదు. ఒకసారి బెంచీ మీదే వాంతి చేసుకుంది. మూడోసారి, ఇరవై దెబ్బలయ్యాక, "ఊఁ" రావడం ఆగిపోయింది. డాక్టరమ్మ మాట ప్రకారం కూర్చుంది. కాసేపటికి, "ఈ రోజుకు చాలా?" అని అడిగింది. "చాలు" అంది రొట్టెలక్క. చాలంటే చాలే. మెషిను ఆపేశారు. ఆపమంటే ఆగుతుందని కళ్లారా చూశాక, నాలుగోసారి నలభై రెండు దెబ్బలు పూర్తి చేయించుకుంది. చెల్లెలు ఏడుపు ఆపుకుంటూ వేళ్ల మీద లెక్కపెట్టింది.

చెల్లెలు తన మెషిను అమ్మేయబోయింది. రొట్టెలక్కే వద్దంది. "దాన్ని వాడడం నేర్పించేచోట చేరి సరిగ్గా నేర్చుకో. మచ్చలతో వచ్చేవాళ్లను మాత్రం డాక్టరు దగ్గరకు పంపించు." చెల్లెలు రెండు నెలలు శిక్షణకు వెళ్లింది. ఇప్పుడు ఎవరైనా మచ్చ చూపిస్తే, కుర్చీలో కూర్చోబెట్టి, తానేం చేసిందో మొదట్నుంచీ చెబుతుంది. కొందరు వినలేక లేచి వెళ్లిపోతారు.

ఆరో విడత అయ్యాక మచ్చ ఎరుపు చాలావరకు దిగి లేత గోధుమరంగులోకి వచ్చింది. దురద దాదాపు లేదు. మెడ ఎడమవైపు తిరుగుతుంది, బస్సులో పక్కనున్నవాళ్లను చూడగలిగేంత. ఏడు పట్టీల్లో తెల్లబడ్డ రెండూ అలాగే ఉన్నాయి, అవి అలాగే ఉండిపోతాయని చెప్పారు. ఉబ్బు తగ్గింది కానీ తడిమితే వేలికి తగులుతుంది. చూసేవాళ్లకు మచ్చ కనబడుతూనే ఉంటుంది. ఒకరోజు ఆమె ఎవరినీ అడక్కుండా బల్లను తోసుకుంటూ తెచ్చి అద్దం దగ్గర పాత చోటులో పెట్టుకుంది. యజమాని చూశాడు, గొంతు సవరించుకున్నాడు, కర్టెను తానే విప్పి మడతపెట్టాడు.

పొయ్యి వెలిగించే వేళకు ఇప్పటికీ కుళాయి దగ్గరకే వెళుతుంది. దాని గురించి నేను అడిగితే, "అది వేరే సంగతండీ" అంది, అంతే.

ఈ మధ్య డాక్టరమ్మ ఇంకో మాట చెప్పిందట. చర్మంలో కంటికి కనపడనంత సన్నటి రంధ్రాలు వరసగా పొడిచే మరో రకం లేజరు ఉంది, దాంతో ఆ ఉబ్బు ఇంకాస్త చదునవుతుంది, కావాలంటేనే. రొట్టెలక్క ఆవిణ్ణి అరగంట ప్రశ్నలు అడిగింది. దానికి చప్పుడుందా? వాసనుందా? వెలుగెంత? ఆపమంటే ఎంతసేపటికి ఆగుతుంది? వరసకొక "ఊఁ" అడుగుతారా? అడుగుతానంది డాక్టరమ్మ. అయినా ఆమె వెంటనే ఒప్పుకోలేదు. ఇంటికి వచ్చి రెండు వారాలు ఆలోచించి, తర్వాత తానే ఒంటరిగా బస్సెక్కి వెళ్లి తేదీ వేయించుకుని వచ్చింది.

మొన్న నేను రొట్టె కోసం వెళ్లినప్పుడు ఇదంతా చెప్పింది. ఆ తేదీకి ఇంకా పదిహేడు రోజులున్నాయి.

"ఇప్పటినుంచే భయం మొదలైందండీ" అంది, పిండి ముద్ద మీద తడిగుడ్డ కప్పుతూ. "మా చెల్లెలు అడిగింది, భయమైతే తేదీ ఎందుకు వేయించుకున్నావక్కా అని. ఏం చెప్పాలో తెలియలేదు. మీకేమైనా తెలుసా?"

నాకూ తెలియదన్నాను. ఆమె తల ఊపి, గుడ్డ అంచులు సరిచేసి, నా తర్వాత వచ్చినవాళ్లకు ఏం కావాలో అడగడానికి అటు తిరిగింది.